చనిపోయినవాళ్ళు కూడా పాడే చివరి పాట

సంగీతకర్త హ్యాండెల్ రాసిన ఒపెరా (పాటలతోనే సాగే నాటకం) 'జూలియో చేసరే'ని, అంటే జూలియస్ సీజర్ కథను, దర్శకుడు డేవిడ్ మెక్‌వికార్ 2005లో ఇంగ్లండులోని గ్లైండ్‌బోర్న్‌లో రంగస్థలం మీదికి తెచ్చాడు. అప్పుడే వీడియో తీశారు, తర్వాత డిస్కులుగా వచ్చింది. విలియం క్రిస్టీ సంగీత నిర్వహణ, సీజర్‌గా శారా కానలీ, క్లియోపాత్రాగా డానియెల్ డి నీస్. దాని చివరి మూడు నిమిషాల గురించి ఇప్పటికీ వాదన తెగలేదు. రోము సేనాని పాంపేని చంపించిన ఈజిప్టు రాజు టాలెమీని పాంపే కొడుకు సెస్తో మన కళ్ళ ముందే చంపుతాడు. టాలెమీ సేనాని అకిల్లా అంతకంటే ముందే గాయాలతో ప్రాణం విడుస్తాడు. తీరా అందరూ కలిసి పాడే చివరి పాట వచ్చేసరికి ఆ ఇద్దరూ నెత్తురు మరకల బట్టలతోనే వచ్చి గుంపులో నిలబడి గొంతు కలుపుతారు. ప్రేక్షకులు నవ్వుతారు. కొందరికి ఒళ్ళు మండుతుంది: మూడున్నర గంటలకు పైగా నడిచిన కథను దర్శకుడు ఆఖర్న వెటకారం చేశాడని.

నా మటుకు నాకు ఆ ప్రదర్శన మొత్తంలో హ్యాండెల్ రాతకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఘట్టం అదే. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే 1724 నాటి లండన్ దాకా వెళ్ళాలి.

ఆ ఏడాది ఫిబ్రవరి 20న హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్లో ఈ ఒపెరా మొదటిసారి ఆడింది. సీజర్ వేషం కాస్ట్రాటో (పై గొంతు పోకుండా చిన్నప్పుడే బీజాలు తీయించిన గాయకుడు) సెనెసీనోది, క్లియోపాత్రా ఫ్రాంచెస్కా కుట్సోనీ. లిబ్రెట్టో, అంటే ఒపెరా మాటల ప్రతి, నికోలా హేమ్ కూర్చింది. పాత్రలు మొత్తం ఎనిమిది. స్కోరులో, అంటే స్వరాల ప్రతిలో, చివరి పాట మీద 'కోరో' అని ఉంటుంది. ఆ మాట చూడగానే ఈ కాలపు మనిషికి నలభై మంది వరసగా నిలబడిన బృందం కళ్ళముందు మెదులుతుంది. హ్యాండెల్ కంపెనీకి అలాంటి బృందమే లేదు. కోరో అంటే ఆ రాత్రి ఒంటరిగా ఆరియాలు పాడినవాళ్ళంతా ఒక్కచోట చేరి పాడటం, అంతే. జీతాలిచ్చి పెట్టుకున్న గొంతులు అవే. నాలుగు వరసల పాటకు పైనుంచి కిందదాకా మనుషులు సరిపోవాలి.

ఇప్పుడు లెక్క వేయండి. ఎనిమిది మందిలో మంద్ర గొంతులు, అంటే బాస్‌లు, ఇద్దరే: అకిల్లా, కూరియో. సీజర్ అనుచరుడు కూరియోకి ఒపెరా మొత్తంలో ఒక్క ఆరియా కూడా లేదు, చిన్న వేషం. అకిల్లా వేషం కట్టింది జుసెప్పే బోస్కీ, కంపెనీలో పేరున్న బాస్ ఆయనే. కథలో చచ్చిపోయాడు కదా అని బోస్కీని ఇంటికి పంపేస్తే పాటకు అడుగు వరస పలచబడుతుంది. పై వరసలన్నీ ధీమాగా సాగుతుంటే కింద నేల కదిలినట్టుంటుంది. అందుకే ఆనాటి ఇటాలియన్ ఒపెరాలో, కథలో చనిపోయిన పాత్రధారులు రంగస్థలం పక్క తెర చాటున ఉండే సైడ్‌వింగ్‌లో నిలబడి చివరి కోరోలో గొంతు కలిపేవారు. ఇది వాడుకగా ఉన్న పద్ధతి, దాపరికం ఏమీ లేదు. సభ కొవ్వొత్తుల వెలుగులోనే ఉండేది, రంగాలు మారినా ముందు తెర దించేవారు కారు. కాబట్టి శవం రంగస్థలం మీద పడితే దాన్ని ఎలా బయటికి పంపాలన్నది కూడా రాసేవాళ్ళు ఆలోచించుకోవాల్సి వచ్చేది. అకిల్లా శవాన్ని సముద్రంలోకి విసిరేయమని సెస్తో క్లియోపాత్రా నౌకరు నిరేనోతో అంటాడు. పగ తాలూకు మాటే అది. అదే ఊపులో రంగస్థలమూ ఖాళీ అవుతుంది, బోస్కీ వెళ్ళి మంచినీళ్ళు తాగి కోరోకి సిద్ధం కావచ్చు.

మెక్‌వికార్ చేసిందల్లా సైడ్‌వింగ్‌లో ఉన్నవాళ్ళను నాలుగడుగులు ముందుకు నడిపించడం.

పాడేవాళ్ళ వైపు నుంచి చూసినా ఇది మెరుగు. పక్కన తెర చాటున నిలబడి పాడితే రెండు చిక్కులు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వాద్యకారులకు 10 మీటర్ల దూరంలో ఉన్న గాయకుడికి సంగీతం సెకనులో 3 వందల వంతులు ఆలస్యంగా చేరుతుంది, అతని గొంతు సభకు చేరేసరికి ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. వేగంగా పరిగెత్తే పాటలో అది చెవికి తెలుస్తుంది, బాస్ వరస వెనకబడినట్టు వినిపిస్తుంది. అందుకే తెర చాటున పాడేవాళ్ళు చెవిని పక్కన పెట్టి, మానిటర్ మీద సంగీతం నడిపే కండక్టర్ చెయ్యి చూస్తూ ఒక పిసరు ముందుగా అందుకుంటారు. రెండోది గుడ్డ. తెరలు, పక్క కట్టడాలు పై స్థాయి ధ్వనిని పీల్చేస్తాయి. హల్లులు మొద్దుబారి అచ్చులే మిగులుతాయి. ఇటాలియన్లో హల్లు పోతే పాటకు వెన్నెముక పోయినట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. గ్లైండ్‌బోర్న్‌కు సొంత కోరస్ బృందం ఉంది. ఈ ప్రదర్శనలోనూ ఆ బృందం పాడింది. అంటే 2005లో బాస్ వరస నిలబడటానికి అకిల్లా అక్కర్లేదు. మరి అవసరం తీరిపోయాక కూడా ఆ పద్ధతిని తిరిగి తేవడం దేనికి? మ్యూజియం సరదా తప్ప ఏముంది అందులో?

సమాధానం పాట మాటల్లోనే ఉంది. కోరో మొదలయ్యేదే 'రితోర్నీ' అన్న మాటతో. 'రితోర్నీ ఒమాయి నెల్ నోస్త్రో కోరే': ఇక మన గుండెల్లోకి తిరిగి రావాలి, అందమైన ఆనందం, సుఖం. నాలుగో పాదం 'చస్కున్ రితోర్నీ ఓరా ఆ గోదేర్': ప్రతి ఒక్కరూ మళ్ళీ ఆనందించడానికి తిరిగి రావాలి. తిరిగి రావడం అన్న క్రియ నాలుగు పాదాల్లో రెండుసార్లు. రెండోసారి దాని కర్త 'ప్రతి ఒక్కరూ'. సబ్‌టైటిల్ రాసేవాళ్ళు దీన్ని 'అందరం సంతోషిద్దాం' అని తేల్చేస్తే ఆ రాక మాయమైపోతుంది. మాటను మాటగా తీసుకున్న దర్శకుడికి ప్రశ్న ఎదురవక తప్పదు: ప్రతి ఒక్కరూ అంటే ఎవరెవరు? బతికినవాళ్ళేనా?

ఆనంద ముగింపు బరోక్ (హ్యాండెల్ కాలపు) ఒపెరాకి వచ్చిన జబ్బు అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాజుగారి ముందు ఆడాలి కాబట్టి బలవంతాన అతికించారని వాళ్ళ అభిప్రాయం. అలా అనుకున్న దర్శకుల దగ్గర చివరి కోరో గతి ఏమవుతుందో వీడియోల్లో చూస్తూనే ఉన్నాం. పాట ఉల్లాసంగా సాగుతుంటే వెనక ఎవరో ఎవరినో కాల్చేస్తారు. లేదా గాయకులంతా బొమ్మల్లా బిగుసుకుపోయి నేలచూపులు చూస్తారు. సంగీతాన్ని అబద్ధం చేస్తే తప్ప తమ తెలివి తెలియదన్నట్టు. ఆ అభిప్రాయానికి జవాబు హ్యాండెల్ దగ్గరే ఉంది. అదే 1724 అక్టోబరు 31న, అదే కంపెనీతో, అతను 'తమెర్లానో' అనే మరో ఒపెరా ఆడించాడు. అందులో బందీ అయిన సుల్తాను బజాజెత్ విషం తాగి ప్రాణం తీసుకుంటాడు. చివరి కోరో మాటలు చీకటి పోయి వెలుగు వచ్చిందనే అంటాయి, సంగీతం మాత్రం ఇ మైనర్‌లో దిగులుగా, తడిగా నడుస్తుంది. అంటే ముగింపును బరువుగా చేయాలనుకుంటే ఎలా చేయాలో ఆయనకు బాగా తెలుసు. 'జూలియో చేసరే' చివర మాత్రం అలా చేయలేదు. జి మేజర్, ఒకటీ రెండూ కాదు నాలుగు ఇత్తడి హార్న్‌లు. మొదటి అంకం తెర తీయగానే సీజర్‌ను పొగిడే కోరోలోనూ నాలుగు హార్న్‌లే. ఆ మధ్య మూడు అంకాల పాటు నలుగురూ కలిసి మోగింది లేదు, మళ్ళీ మోగేది ఆఖర్నే. కవాటాలు లేని గొట్టాలవి. పెదవులతోనే స్వరం పట్టాలి, గొట్టం చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. మూడు గంటలు దాదాపు ఊరకే కూర్చున్నవాళ్ళు ఆఖరి రంగానికి ముందు గొట్టాలలోకి ఊపిరి ఊది వేడి చేసుకుంటే తప్ప ఆ మొదటి స్వరం బొంగురుపోతుంది. ఇంత శ్రమ పెట్టి రాసిన ఉల్లాసాన్ని అబద్ధమని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు.

మనకు ఇది వింతగా తోచనక్కర్లేదు కూడా. నాటకం చివర భరతవాక్యం పలికేది పాత్రా, నటుడా? రెండూ, కొంచెం కొంచెం. కథ అయిపోయింది, సభ ఇంకా లేవలేదు. ఆ సన్నని సందులో నటుడు పాత్ర బట్టలతోనే ఉండి లోకానికి మేలు కోరుతాడు. కోరో ఉండేది కూడా ఆ సందులోనే. తర్వాత ఎలాగూ దండాలు పెట్టడానికి టాలెమీ లేచి వస్తాడు, అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ దండాల ఘట్టాన్ని మూడు నిమిషాలు ముందుకు జరిపి దానికి సంగీతం కట్టినట్టు ఉంటుంది ఈ కోరో.

అయితే బట్టల మీద ఆ నెత్తురు? అది తప్పనిసరి కాదు, కావాలని చేసిన ఎంపిక. టాలెమీ చచ్చాక పాంపే భార్య కొర్నేలియా ఆరియా ఒకటి, హార్న్‌ల సింఫోనియా (వాద్యాలు మాత్రమే), కొంత రెసిటటివ్ (మాటలా సాగే పాట), సీజర్ క్లియోపాత్రాల యుగళం, ఆ తర్వాతే కోరో. పది నిమిషాలకు తక్కువ ఉండదు. అకిల్లాకైతే ఇరవై నిమిషాల పైనే. శుభ్రమైన బట్టలు మార్చుకోవడానికి బోలెడు సమయం. పైగా నెత్తురుతో రావడమే ఎక్కువ పని. తడి రంగు పక్కవాళ్ళ పట్టుబట్టలకు అంటుకుంటుంది, వేడి దీపాల కింద జిగటగా మారుతుంది. అందుకని నాటకశాలల్లో మామూలుగా చేసేది, అలాంటి బట్టలే రెండో జత కుట్టి, మరకలు ముందే వేసి, ఆరబెట్టి, ఉతికినా పోకుండా చేసి పెట్టుకోవడం. మరకలు సరిగ్గా అదే చోట ఉండాలి, గాయం కుడివైపు తగిలి మరక ఎడమవైపు ఉంటే కెమెరా పట్టేస్తుంది. శుభ్రమైన బట్టలతో వచ్చి ఉంటే 'నాటకం అయిపోయింది, ఇతను గాయకుడు' అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్ళం. మరకలు ఆ సౌకర్యం ఇవ్వవు. వచ్చినవాడు గాయకుడే, శవమూ అతనే.

ఆ యుగళానికి ముందు రెసిటటివ్‌లో జరిగేది గమనించకపోతే ఈ రాక బరువు తెలియదు. లిబ్రెట్టో ప్రకారం అది అలెగ్జాండ్రియా రేవు. టాలెమీ కిరీటం, రాజదండం మోసుకుని ఒక కుర్రాడు వస్తాడు. కొర్నేలియా వాటిని సీజర్‌కు అందిస్తుంది, సీజర్ కిరీటాన్ని క్లియోపాత్రా తలకు పెడతాడు. అప్పుడు ఆమె అనే మాట: ఈ రాజ్యం నీ దానమే, కప్పం కట్టే రాణినై నిన్ను రోము చక్రవర్తిగా కొలుస్తాను. 'త్రిబుతారియా రెజీనా', ప్రేమ యుగళానికి అరనిమిషం ముందు. మెక్‌వికార్ ఈ కథను బ్రిటిష్ సామ్రాజ్య కాలానికి మార్చింది అందుకేనని నా నమ్మకం. రంగస్థలం వెనక సముద్రం ఉంటుంది. మెలితిరిగిన పొడవాటి దూలాలు అడ్డంగా తిరుగుతూ అలలవుతాయి. అది 17వ శతాబ్దపు యంత్రమే, నికోలా సబ్బాత్తీని 1638 నాటి పుస్తకంలో తయారీ విధానం ఉంది, స్వీడన్‌లోని డ్రాట్‌నింగ్‌హోమ్ థియేటర్లో అలాంటిది ఇప్పటికీ తిరుగుతుంది. ఆ అలల మీద అంకాలు గడిచేకొద్దీ తెరచాపల ఓడలు పోయి యుద్ధనౌకలు చేరతాయి. బ్రిటిష్ నౌకాదళం అలెగ్జాండ్రియా మీద గుళ్ళు కురిపించింది 1882 జులైలో. కిరీటం దానంగా పుచ్చుకున్న రాణి సంగతి మనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సినది కాదు. 1798లో హైదరాబాదు నిజాం సంతకం చేసిన సైన్య సహకార ఒప్పందం ఇలాంటిదే: సింహాసనం నీది, సైన్యం మాది, ఖర్చు నీది.

ఇదే ప్రదర్శనలో క్లియోపాత్రా చేత వేయించిన బాలీవుడ్ అడుగులు మాత్రం నాకు గొంతు దిగవు. ఈజిప్టుకీ బొంబాయికీ ఉన్న దూరం లండన్‌నుంచి చూస్తే కనిపించదేమో. డి నీస్ గొప్పగా ఆడింది, అందులో సందేహం లేదు. తప్పు ఆమెది కాదు, తూర్పు అంతా ఒకటే రంగు అనుకున్న చూపుది.

మళ్ళీ కోరోకి. ఇంకో అభ్యంతరం, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. హంతకులు నవ్వుతూ తిరిగొస్తే కొర్నేలియా, సెస్తోల దుఃఖానికి విలువ ఏముంది? భర్త తలను పళ్ళెంలో చూసిన మనిషి ఆమె. మొదటి అంకం చివర తల్లీకొడుకుల యుగళం 'సోన్ నాతా ఆ లాగ్రిమార్' విన్నవాళ్ళెవరూ ఈ ప్రశ్నను తోసిపుచ్చలేరు. అయితే వచ్చిందెవరో చూసినట్టే రానిదెవరో కూడా చూడాలి. పాంపే రాడు. ఆ తల తాలూకు మనిషి రాడు. క్రీ.పూ. 48లో ఈజిప్టు తీరాన దిగుతూనే హత్యకు గురైన పాంపే, ఈ ఒపెరాలో ఒక తల, ఆ తర్వాత ఒక చితాభస్మం, దాని ఎదుట నిలిచి సీజర్ మాట్లాడతాడు. అతనికి హ్యాండెల్ ఒక్క స్వరం కూడా రాయలేదు. కోరోలోకి రావాలంటే గొంతు ఉండాలి. చంపినవాళ్ళకు ఆరియాలున్నాయి కాబట్టి వాళ్ళు వస్తారు, చచ్చినవాడికి లేదు కాబట్టి రాడు. ఇది ముగింపును తేలిక చేయడం ఎలా అవుతుంది? చూసేవాళ్ళు లెక్కపెట్టుకోగలిగితే ఇంతకంటే కఠినమైన ముగింపు లేదు.

ఆ లెక్క పెట్టుకునే వీలు వీడియో ఇస్తుందా అన్నదే అసలు ఇబ్బంది. సభలో కూర్చున్నవాడికి రంగస్థలమంతా ఒకేసారి కనబడుతుంది. ముందు హార్న్‌లు చెవిన పడతాయి, తర్వాత ఎవరో మనుషులు చేరుతున్నారని తెలుస్తుంది, ఆ తర్వాత అందులో ఒకడి చొక్కా ఎర్రగా ఉందని. నవ్వు సభలో ఒక మూల మొదలై పాకుతుంది. కెమెరా ఈ వరుసను ఒక్క కట్‌తో చెరిపేయగలదు. మరక మీద క్లోజప్ వేస్తే అది జోకు అయిపోతుంది, కొట్టి చూపించిన జోకు. దూరపు షాట్ వేస్తే ఇంకో చిక్కు. 12 మీటర్ల వెడల్పు రంగస్థలాన్ని 40 అంగుళాల టీవీలో నిండుగా చూపిస్తే మనిషి సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు, జానెడున్నర మరక దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. అది కనిపిస్తుంది. అదే ఫోనులో చూస్తే మనిషి 2 సెంటీమీటర్లు, మరక 4 మిల్లీమీటర్లు, నృత్యకారుల రంగుల్లో కలిసిపోతుంది. ఈ ముగింపును ఫోనులో చూసి 'ఏదో పార్టీలా ఉంది' అన్నవాళ్ళను తప్పుపట్టలేను. కనీసం టీవీ మీద చూడండి. పాట మాటలు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి సబ్‌టైటిల్ ఒకసారి చదివితే చాలు, తర్వాత కళ్ళు పూర్తిగా రంగస్థలం మీదే పెట్టవచ్చు.

ఇదే ప్రదర్శన 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకు వెళ్ళింది. సీజర్‌గా డేవిడ్ డేనియల్స్, క్లియోపాత్రాగా నటాలీ డెస్సే. ఏప్రిల్ 27న సినిమా హాళ్ళకు నేరుగా ప్రసారమైంది. టాలెమీ రెండుచోట్లా క్రిస్టోఫ్ డ్యూమో, కొర్నేలియా రెండుచోట్లా పట్రీషియా బార్డన్. గ్లైండ్‌బోర్న్ సభలో 1,200 మంది పడతారు, మెట్‌లో 3,800. ఒకే ముగింపు హాలును బట్టి ఎలా మారుతుందో చూడాలంటే రెండూ దొరకబుచ్చుకోవాలి. చిన్న హాలులో కోరో ఒక ఇంట్లో జరిగే వేడుకలా ఉంటుంది. పెద్ద హాలుకు దాని కొలతకు తగ్గ ఉత్సవం కావాలి.

చూసేటప్పుడు కోరో నడిమి భాగం మీద కన్నేసి ఉంచండి. మొదటి భాగం అందరూ పాడతారు. తర్వాత అందరూ ఆగిపోయి సీజర్, క్లియోపాత్రా ఇద్దరే అందుకుంటారు: నువ్వు నాపట్ల నిలకడగా ఉంటే చాలు, గుండె సంతోషానికి సిద్ధమవుతోంది అని. 'ఉంటే' అన్న మాట అక్కడ ఉంది. సీజర్‌కు క్రీ.పూ. 44 దాకానే ఆయుష్షు. ఆ ఇద్దరూ పాడుతున్నంతసేపూ చనిపోయినవాళ్ళు వెనక ఊరకే నిలబడి వినాలి, ముందుకు వచ్చి చేయగలిగిందేమీ లేదు. తర్వాత మొదటి భాగం మళ్ళీ వస్తుంది, హార్న్‌లు లేస్తాయి, అందరి నోళ్ళూ తెరుచుకుంటాయి. ఈ కథలో ఆల్టో (పై గొంతుల్లో కిందిది) స్థాయి గొంతులు నాలుగు: సీజర్, నిరేనో, టాలెమీ, కొర్నేలియా. బృంద నాయకులు మామూలుగా ఒకే ఎత్తు గొంతులను పక్కపక్కనే నిలబెడతారు. భర్తను చంపించినవాడు, తన మీద చెయ్యి వేయబోయినవాడు, తన కొడుకు కత్తికి పోయినవాడు. కొర్నేలియా శ్రుతి కలపాల్సింది ఆ టాలెమీ గొంతుతోనే.